కాత్యా మెడలో నల్లపూసలు

ఖాజాబీ ట్రంకుపెట్టె కల్లం మధ్యలో బోర్లా పడి ఉంది.

పట్టాల మీద ఆరబోసిన మిరపకాయల్లో ఆమె బట్టలు చెల్లాచెదురుగా పడ్డాయి. నేత చీరెలు, దువ్వెన, అత్తరు సీసా, మేనల్లుడు యూసుఫ్ డాక్టరు కోటుతో దిగిన ఫొటో. మొహిద్దీన్ బాషా ఒక్కోదాన్నీ చేతికర్రతో కదిపి చూశాడు. వంగలేదు. చెల్లెలి బట్టల కోసం వంగే మనిషి కాదు.

"ఇందులో లేవు. ఎక్కడ దాచావు?" అన్నాడు.

ఖాజాబీ పలకలేదు. నిన్నా పలకలేదు, మొన్నా పలకలేదు. చెంగు భుజం చుట్టూ తిప్పుకుని వాకిట్లో అట్లాగే నిలబడింది.

తాలుకాయలు ఏరే ఆడవాళ్లు చేతులు ఆపేశారు. వాళ్లను తోలుకొచ్చే వెంకటరావమ్మ ఒక్కతే తలవంచుకుని ఏరుతోంది. ఎర్రకాయల్లో కలిసిన తెల్లకాయ ఆమె చేతికి చిక్కడం లేదు. చెవులు ఇక్కడ ఉన్నాయి మరి.

పోయినవి షాజాదీ నల్లపూసలు. బాషా భార్య షాజాదీ ప్రాణం పోయేముందు వాటిని తనే మెడలోంచి తీసి అతని చేతిలో పెట్టింది. మా తమ్ముడు గఫూర్ కూతురి మెడలో కట్టించు, మన యూసుఫ్‌కి ఆ పిల్లనే చెయ్యి అంది. సరేనన్నాడు. ఆ మాట మీదే ఆ పిల్ల నజ్మీన్‌తో కొడుక్కి నిశ్చితార్థం జరిపించాడు. పెళ్లికి ముందు మెరుగు పెట్టిద్దామని పోయిన వారం బీరువా తెరిస్తే పూసలు లేవు. బీరువా తాళాలు ఎప్పుడూ ఖాజాబీ నడుముకే వేలాడతాయి. ఇంక ఆలోచించేదేముందని బాషా లెక్క.

"అడిగితే బెల్లం కొట్టిన రాయిలాగా నిలబడుద్ది," అన్నాడు, ఆడవాళ్లందరికీ వినబడేటట్టు. "మొగుడు పోయి ఏడుస్తుంటే తెచ్చి ఇంట్లో పెట్టుకున్నా. తాళాలిచ్చా. దానికి ఇదా?"

"బాషాగారూ," అంది వెంకటరావమ్మ. "ముందు ఆ చీరెలన్నా తీయించండి. కారం పట్టిందంటే కట్టుకున్నప్పుడు ఒళ్లంతా మండిపోయిద్ది."

"మండనీ."

"ఈ కాయల్లో అత్తరు ఒలికితే మిర్చి యార్డులో వాసన పట్టుకుంటారండీ, అందుకని చెప్పా."

ఒకామె నవ్వబోయి తుమ్మింది.

బాషా చెల్లెలి వైపు తిరిగాడు. "ఇయ్యాల జుమ్మా. నమాజు కాంగానే దర్గాకాడికి నడువు. ముజావరుకి చెప్పొచ్చా. తలారా నీళ్లు పోసుకుని, తడిబట్టలతో గడప పట్టుకుని, నేను తీయలేదని చెప్పు. చెబితే నమ్ముతా. లేకపోతే ఈ పెట్టె తీసుకుని పో."

వెంకటరావమ్మ చెయ్యి ఆగింది. "ఆ దర్గా ప్రమాణం ఒద్దండీ. అందులో అబద్ధం దొర్లితే కడుపున పుట్టినవాళ్లకి తగులుద్ది. మా వీధిలో చూశాం."

"దీనికి కడుపున పుట్టినవాళ్లెక్కడున్నారు తగలడానికి?"

ఎవరూ నవ్వలేదు. ఖాజాబీ కళ్లు ఒక్కసారి మూసుకుని తెరిచింది. అంతే.

బాషా చేతికర్ర కొసతో ఒక చీరె లేపి ఆమె కాళ్ల దగ్గరికి విసిరాడు. "ఇది చంకలో పెట్టుకు పో. తడిసొచ్చాక కట్టుకోవడానికి. తడిబట్టలతో నా గడప తొక్కమాకు."

ఆమె వంగి చీరె తీసుకుంది. దులిపింది. మిరపగింజలు రాలాయి.

అప్పుడే కల్లం పక్కన అద్దెకారు వచ్చి ఆగింది.

*

గఫూర్ ముందు దిగాడు. పొన్నూరులో బియ్యం వ్యాపారం చేసే మనిషి, ఎప్పుడూ నవ్వుతూ దిగేవాడు. ఇవాళ నవ్వలేదు. వెనక తలుపు తీసి కూతుర్ని దింపాడు.

నజ్మీన్‌ని చూసి బాషా మొహం మాడిపోయింది. నిశ్చితార్థమైన పిల్ల నిఖా చదివేదాకా అత్తారి వాకిలి తొక్కదు. చిన్నప్పుడు ఈ కల్లంలోనే ఆడుకుంది నిజమే. అప్పటి సంగతి వేరు.

"పిల్లను ఎట్టా తెచ్చావురా గఫూరూ? బుద్ధుందా?"

"ఉండబట్టే తెచ్చా బావా. కాయితాలు చదవడానికి మనిషి కావాలిగా. నాకు రాదు, నీకూ రాదు."

ఖాజాబీ లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది. గఫూర్ చెయ్యి చాపలేదు.

"నీళ్లొద్దు వదినా. ముందు మాట తేలనీ." తర్వాత అతని చూపు కల్లంలోకి పోయింది. "ఇదేంది, బట్టలు ఆరబోశారు?"

"ఇంటి గొడవ," అన్నాడు బాషా. "నువ్వొచ్చిన పని చెప్పు."

"మీవాడు రష్యాకి ఎందుకు పోయాడు బావా?"

"నీకు తెలవదా? చదివింది అక్కడేగా. డిగ్రీ కాయితాల మీద ఏదో ముద్ర పడలేదంట. వేయించుకుని వస్తానని పోయాడు."

"ముద్ర పడిందిలే," అన్నాడు గఫూర్. "చదవమ్మా."

నజ్మీన్ ప్లాస్టిక్ కవరులోంచి కాయితాలు తీసింది. నెట్ సెంటర్లో తీయించిన రంగుల ప్రింట్లు. ఆమె చేతులు వణకడం లేదు. అదే బాషాకి నచ్చలేదు.

"ఇది ఆర్కుట్ మామయ్యా. కంప్యూటర్లో ఉంటుంది. ఎవరు పెట్టినా అందరూ చూడొచ్చు. యూసుఫ్ బావ అక్కడికి వెళ్లిన దగ్గర్నుంచి రోజూ రాస్తున్నాడు, ఫొటోలు పెడుతున్నాడు. మా కాలేజీలో నాకంటే ముందు మావాళ్లే చూశారు."

"చదువు," అన్నాడు గఫూర్.

ఆమె పరీక్షలో అప్పజెప్పినట్టు చదివింది.

"'కుర్స్క్ స్టేషన్లో రైలు దిగేసరికి కాత్యా నిలబడి ఉంది. మంచు మోకాళ్ల దాకా ఉంది. దాని ముక్కు మన కల్లంలో మిరపకాయ లాగా ఎర్రబడిపోయింది. ఎంతసేపైంది వచ్చి అంటే, నువ్వు పోయిన దగ్గర్నుంచీ ఇక్కడే ఉన్నా అంది. ఫ్రెండ్స్, ఇంక నేనేం చెప్పను?'"

"కాత్యా ఎవరమ్మా?" అంది వెంకటరావమ్మ.

"నువ్వు కాయలేరు," అన్నాడు బాషా.

"ఏరతన్నానండీ. చెవులతో ఏరతామా ఏంది?"

"ఎవరో చెప్పు," అన్నాడు గఫూర్ కూతురితో. "ఆమె కూడా విననీ."

"ఆయన చదువుకునేటప్పటి స్నేహితురాలు. ఆ ఊరి పిల్ల," అంది నజ్మీన్. ఇంకో కాయితం తీసింది. "'ఇవాళ కాత్యా వాళ్లింట్లో భోజనం. వాళ్లమ్మ బీట్‌రూట్ పులుసు పెట్టింది. చప్పగా ఉంది. మా అత్త దంచి కట్టిచ్చిన కారం ఒక చెంచా కలిపా. వాళ్ల నాన్న ఏడుస్తూ మళ్లీ వడ్డించుకున్నాడు. మీ అత్తని ఇక్కడికి పంపించు, పెళ్లిలో వంట ఆమే చెయ్యాలి అన్నాడు.'"

ఖాజాబీ చెంబు కింద పెట్టింది. అత్త అన్న మాట వినబడినప్పుడు ఆమె మొహంలోకి ఏదో వచ్చి పోయింది. పెళ్లి అన్న మాట వినబడినప్పుడు అది మళ్లీ రాలేదు.

"చాలు," అన్నాడు బాషా.

"చాలదు బావా. ఊరూవాడా చదివింది. మనం చదివితే తప్పొచ్చిందా? కింద జనం రాసినవి కూడా చదవమ్మా."

"'కేక బాసూ' అని ఒకళ్లు. 'వదినకి సలాం చెప్పు' అని ఇంకొకళ్లు. 'మరి పొన్నూరులో నిశ్చితార్థం చేసుకున్న పిల్ల గతేంటి' అని నా స్నేహితురాలే రాసింది."

"దానికి వాడేం చెప్పాడు?"

"ఏం చెప్పలేదు నాన్నా. నవ్వుతున్న బొమ్మ పెట్టాడు."

"నవ్వుతున్న బొమ్మేంది?" వెంకటరావమ్మ ఉండబట్టలేకపోయింది.

"పచ్చటి గుండ్రటి మొహం. పళ్లు కనబడతాయి."

బాషాకి కొడుకు మీద కోపం రాలేదు, ఇంకా. ముందు ఈ పిల్ల మీద వచ్చింది. ఏడ్చి ఉంటే ఓదార్చి పంపేవాడు. ఏడవని ఆడదానితో ఏం మాట్లాడాలో అతనికి తెలియదు.

"మగపిల్లాడు," అన్నాడు. "దూరదేశం. వాడితో చదివిన పిల్ల. నాలుగు రోజులు తిరుగుతాడు, వస్తాడు. పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి."

"నేనూ అట్టాగే అనుకున్నా," అన్నాడు గఫూర్. "ఫోన్ చేశా, ఎత్తలేదు. పోనీలే, వచ్చాక చెవి పట్టుకుని అడుగుదామనుకున్నా. ఈ ఫొటో చూసేదాకా."

ఆఖరి కాయితం కూతురి చేతిలోంచి తీసి బావ చేతిలో పెట్టాడు.

మంచులో ఒక పిల్ల నవ్వుతోంది. పసుప్పచ్చ జుట్టు. బొచ్చుకాలరు కోటు మెడ దగ్గర విప్పి, ఉన్నదేదో చూపించడానికే నిలబడింది. మెడలో నల్లపూసలు. రెండు పేటలు, మధ్యమధ్య బంగారు గుండ్లు.

కింద ఏం రాశాడని గఫూర్ అడిగాడు. నజ్మీన్‌కి కాయితం చూడనవసరం లేకపోయింది.

"'మన ఊరి కానుక. కాత్యాకి ఎంత బాగుందో చూడండి.'"

బాషా కాయితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. వరసగా నల్లపూసలు, ఎడమ పక్క గుండు కింద ఒకచోట చిన్న ఎర్రచుక్క.

పగడం.

గుంటూరు ఆసుపత్రిలో చేర్చిన మొదటి రోజు షాజాదీ ఒంటి మీద స్పృహ లేకుండా పడుకున్నప్పుడు పేట తెగింది. పూసలన్నీ ఏరారు. ఒకటి దొరకలేదు. ఖాజాబీ మంచం కింద దూరి వెతికింది. చివరికి తన మొగుడు పోయినప్పుడు తెంపేసిన సొంత దండలోంచి దాచుకున్న పగడం తెచ్చి, ఆ ఖాళీలో గుచ్చింది. ఖాళీగా ఉంచితే వదినకి మంచిది కాదు అంది. ఆ సంగతి ఎరిగినవాళ్లలో షాజాదీ పోయింది. మిగిలింది బాషా, ఖాజాబీ.

"బావా," అన్నాడు గఫూర్. "సూటిగా అడుగుతున్నా. అవి మా అక్క పూసలేనా?"

బాషా కాయితం దించలేదు.

"అక్కవే అయితే ఇంక మాట్లేదు. తల్లి పూసలు తీసుకుపోయి ఒక ఆడదాని మెడలో వేశాడంటే, నిఖా చదివినా చదవకపోయినా మన జనంలో అది పెళ్లే. ఆ పిల్లకి తెలవకపోవచ్చు. వాడికి తెలుసు. పెళ్లాం ఉన్నవాడికి నా కూతుర్ని ఇవ్వను. కాదూ, ఎక్కడో బజార్లో కొన్న పూసలంటావా, వాడిది కుర్రతనం. నాలుగు తంతా, పిల్లనిస్తా. చెప్పు."

అంతా అక్కడికి వచ్చి నిలబడింది. అవునంటే చెల్లెలు దొంగ కాదు. కాదంటే కొడుకు పెళ్లి నిలుస్తుంది.

బాషాకి ఎక్కువసేపు పట్టలేదు.

"బజారు పూసలు," అన్నాడు. కాయితం మడిచి గఫూర్‌కి ఇచ్చేశాడు. "గుంటూరులో రోడ్డు పక్కన కుప్పలు పోసి అమ్ముతారు. బంగారం కూడా కాదు, పూత."

ఖాజాబీ తలెత్తింది. కాయితం ఆమె చూడలేదు. అన్న మొహం చూసింది. ఆ మొహాన్ని పుట్టిన దగ్గర్నుంచీ చూస్తోంది.

"మంచిది," అన్నాడు గఫూర్. "అయితే అక్క పూసలు తే. కళ్లతో చూసి పోతా."

"లేవు."

"ఏంది?"

"దొంగతనం జరిగింది. పోయిన వారం."

"మరి నాకు చెప్పలేదే?"

"ఏం చెప్పను? దొంగ ఇంట్లో మనిషైతే." బాషా చేతికర్రతో ట్రంకుపెట్టె చూపించాడు. "ఈ బట్టలు ఎందుకు పోశాననుకున్నావు? నువ్వొస్తున్నావని నాకు కల వచ్చిందా? అడుగు, వీళ్లందర్నీ అడుగు. వారం బట్టి దీన్ని అడుగుతున్నా. ఇయ్యాల దర్గాలో ప్రమాణం చేయించడానికి ముజావర్ని కూడా కూర్చోబెట్టా."

ఇందాక చేసిన పాపం ఇప్పుడు సాక్ష్యంగా పనికొచ్చింది. బాషా గొంతు గట్టిపడింది.

గఫూర్ కల్లంలోకి చూశాడు. మిరపకాయల మీద చీరెలు. వెంకటరావమ్మ అవునన్నట్టు తలూపింది, ఇష్టం లేకుండా.

"వదినా," అన్నాడు. "నువ్వు తీశావా?"

ఖాజాబీ పలకలేదు.

"లోపలికి రా," అన్నాడు బాషా చెల్లెలితో.

*

వంటింట్లో పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. అన్నాచెల్లెళ్లు ఇద్దరికీ వండింది. వెళ్లగొట్టే రోజున కూడా ఆమె ఎసరు ఇద్దరికే పెట్టింది.

"తాళాలు వాడికెప్పుడిచ్చావు?" గొంతు తగ్గించి అడిగాడు.

"నేనివ్వలేదు. వాడే తీసుకున్నాడు. బయల్దేరే ముందురోజు. ఈడనే కూర్చుని కారం పొట్లం కడుతున్నా. సర్టిఫికెట్లు తీసుకోవాలత్తా అని నడుముకున్న గుత్తి లాక్కున్నాడు. చిన్నప్పుడు బెల్లం కోసం లాక్కునేవాడు గదా, అట్టాగే."

"మరి వారం బట్టి నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"చెబితే వాణ్ణి దొంగంటావు."

"నిన్నంటే పర్లేదా?"

"నన్ననడం నీకు అలవాటేగా అన్నయ్యా."

బాషాకి సిగ్గు వేయలేదు. కోపం వచ్చింది. వారం రోజులు తనని వెర్రివాణ్ణి చేసి నిలబెట్టిందని కోపం.

"పగడం కనబడిందా?" అని అడిగింది.

"కనబడింది."

"అది నాది."

"తెలుసు."

పప్పు పొంగింది. ఆమె మూత తీసి గరిటెతో కలిపింది. గరిటె చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"బయటికొచ్చి ఒప్పుకో," అన్నాడు.

ఆమె గరిటె ఆపలేదు.

"నేనే తీశానని ఒక్కమాట చెప్పు. దర్గాకి పోనక్కర్లేదు. గఫూర్ పోతాడు, పెళ్లి జరుగుద్ది. నువ్వు ఎక్కడికీ పోనక్కర్లేదు. నేను నిన్ను క్షమించానని అందరి ముందూ చెబుతా. తాళాలు మాత్రం ఇవ్వను."

"నువ్వు నన్ను క్షమిస్తావా?"

"ఆఁ."

ఖాజాబీ అన్న వైపు తిరిగి చూసింది. నవ్వినట్టే ఉంది గానీ నవ్వు కాదు.

"వాడు మనసు ఆ మంచులోనే పెట్టుకున్నాడు. ఈ పిల్లని తెచ్చి ఏం చేస్తావు? నాలాగా ఇంకో మనిషిని ఈ పొయ్యి ముందు కూర్చోబెడతావా?"

"పిల్ల సంగతి నాకొదిలెయ్. షాజాదీకి మాటిచ్చా."

"పోయినామెకి ఇచ్చావు. బతికున్నవాళ్లకి ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదు."

బాషా చెయ్యి లేచింది. మళ్లీ దిగింది. బయట మనుషులున్నారు.

"తిన్న కూడు గుర్తు పెట్టుకో," అన్నాడు. "మొగుడు పోయిన నాడు పిడుగురాళ్లలో ఆ సున్నం బట్టీల పక్కన నిన్ను ఎవరూ దేకలేదు. మీ అత్తారు నీ పెట్టె వీధిలో పడేశారు. తెచ్చుకున్నది నేను."

"అవును. ఇయ్యాల నువ్వూ పడేశావు."

ఆమె పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది. మంట తగ్గింది.

"ఒప్పుకుంటా," అంది. "వాణ్ణి దొంగని చెయ్యలేను. కాకపోతే ఇక్కడ ఎవరూ లేరు. గోడలున్నాయి, నువ్వున్నావు. ఒక్కసారి అను. 'ఖాజా, నువ్వు తీయలేదు' అను. బయటికెళ్లి తీశానని చెప్పేస్తా."

బాషా నోరు తెరిచాడు.

అది ఎంత చిన్న మాటో అతనికి తెలుసు. షాజాదీ బతికి ఉంటే తనే అనేసి, అతని చేత కూడా అనిపించేది. కానీ చిన్నప్పటి నుంచీ ఈ ఇంట్లో తప్పు అంటే ఎప్పుడూ ఇంకొకరిది. ఆ అలవాటు ఇప్పుడు ఒక్క మాట కోసం పోవాలంటే ఎట్లా పోతుంది?

"బయట కాచుకున్నారు," అన్నాడు. "పద."

ఖాజాబీ చెయ్యి చెంగుకి తుడుచుకుంది.

"సరే. నేను చెప్పాల్సింది చెబుతా. ఆ తర్వాతది నీది."

*

వాకిట్లో గఫూర్ నిలబడిన చోటే నిలబడి ఉన్నాడు. నజ్మీన్ ఖాజాబీ చీరెలు ఏరి మడతపెట్టి ట్రంకుపెట్టెలో సర్దుతోంది. కారం ఎక్కి ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. కారమే కావచ్చు.

ఖాజాబీ మెట్టు మీద నిలబడి అందరికీ వినబడేటట్టు చెప్పింది.

"నేనే తీశా."

"అయ్యో, ఖాజాబమ్మా!" అంది వెంకటరావమ్మ.

నజ్మీన్ చేతిలో చీరె అట్లాగే ఆగిపోయింది. "ఎక్కడ పెట్టావు పిన్నీ?"

"అమ్మేశా."

"ఎక్కడ?"

ఖాజాబీ మెట్టు మీద పడిన మిరపగింజని కాలితో పక్కకి నెట్టింది. నజ్మీన్ రెండోసారి అడగలేదు. చీరె మడత పూర్తి చేసి పెట్టెలో పెట్టింది. ఆ పైన యూసుఫ్ ఫొటో బోర్లించి పెట్టింది.

"విన్నావుగా," అన్నాడు బాషా. గుండెల మీద బరువు దిగింది. దిగగానే గొంతులోకి పెద్దరికం వచ్చింది. "ఏం చేస్తాం, ఇంటి మనిషి. కోసుకుంటామా? క్షమించేశా. నజ్మీన్‌కి కొత్త పూసలు చేయిస్తా, వాటికంటే బరువుగా. ఇంక ఆ కాయితాలు పొయ్యిలో పడెయ్యి. లోపలికి రండి, అన్నం తిని పోదురు."

గఫూర్ కదల్లేదు. మడిచిన ఫొటో విప్పాడు. చూశాడు. ఖాజాబీని చూశాడు. మళ్లీ బావని చూశాడు. బియ్యం వ్యాపారం చేసేవాడికి గుప్పెడు గింజలు చేతిలో పోసుకుని చూడటం అలవాటు.

"వదినా, వారం బట్టి అడిగితే ఒప్పుకోలేదంట. లోపలికెళ్లి రాంగానే ఒప్పుకున్నావు."

"మనసు మారింది తమ్ముడూ."

"సరే." ఫొటో మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఒప్పుకున్నావు. ఒప్పుకున్నవాళ్లకి ప్రమాణం అక్కర్లేదు. కాదన్నవాళ్లకే కావాలి. నడువు బావా."

"ఎక్కడికి?"

"దర్గాకి. ముజావర్ని కూర్చోబెట్టావుగా. ఉత్తపుణ్యానికి ఎందుకు లేపడం?"

బాషాకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి చేతికర్ర మీద పట్టు బిగిసింది.

"నన్ను ప్రమాణం చెయ్యమంటావా? బావనిరా నేను. నీ అక్కని ఏలుకున్నవాణ్ణి."

"అందుకే అడుగుతున్నా. ఈ పూసలు షాజాదీవి కాదు, బజారువి అని గడప పట్టుకుని చెప్పు. ఆ ఒక్క మాట మీద నా బిడ్డని మీ ఇంటికిస్తా. చెప్పకపోతే ఈ కారులోనే తీసుకుపోతా, మళ్లీ ఈ ఊరి పేరెత్తను. ఆడమనిషిని చెయ్యమన్న పనేగా. నీకు కష్టమేముంది?"

నజ్మీన్ పెట్టె మూత వేసింది. ఆ చప్పుడుకి బాషా ఉలిక్కిపడ్డాడు.

"మామయ్యా," అంది. "నేను కూడా వచ్చి నిలబడతా. నా మెడ గురించేగా."

మసీదు మైకు గరగరలాడింది. అజాన్ మొదలైంది. వెంకటరావమ్మ ఏదో అనబోయి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. కల్లంలో ఉన్న ఆడవాళ్లందరికీ ఆ మాట తెలుసు. ఇందాక అందరూ విన్నదే. ఆ గడప దగ్గర అబద్ధం ఎవరికి తగులుతుందో, ఈ వాకిట్లో నిలబడి ఉన్నవాళ్లలో అట్లా తగిలేందుకు బిడ్డ ఉన్నవాడు ఎవరో.

బాషా కళ్ల ముందు మంచు కనబడింది. ఎప్పుడూ చూడని మంచు. అందులో తల మీద టోపీ లేకుండా, నవ్వుతూ ఫొటో తీస్తున్న కొడుకు.

చెల్లెలి వైపు చూశాడు. అడగడానికి నోరు రాలేదు గానీ చూశాడు. ఆమె ఒక్క మాట అంటే చాలు. కాదు తమ్ముడూ, నేను అబద్ధం చెప్పా అంటే చాలు, అతను ఆ గడప పట్టుకోనక్కర్లేదు. ఇంతకుముందు వంటింట్లో అతన్ని ఆమె అడిగింది కూడా ఒక్క మాటే.

ఖాజాబీ లోపలికి వెళ్లింది.

అజాన్ అయిపోయింది. ఎవరూ కదల్లేదు. ఎండకి మిరపకాయలు చిటపటమంటున్నాయి. ఒక ముసలామె తుమ్ము ఆపుకుంది.

ఆమె తిరిగి వచ్చింది. చేతిలో ఉతికి మడతపెట్టిన లుంగీ, చొక్కా, తువ్వాలు. మెట్లు దిగి అన్న దగ్గరికి వచ్చి, చేతికర్ర లేని చేతి మీద వాటిని జాగ్రత్తగా వేసింది. జారిపోకుండా తువ్వాలు కొస లోపలికి దోపింది.

"తడిసొచ్చాక కట్టుకోవడానికి, అన్నయ్యా," అంది.